ఒకే జాతి, చోటికో తీరు

వరి రైతులను పీడించే పురుగుల్లో ఉల్లికోడు ఒకటి. తల్లి పురుగు చూడటానికి దోమలా ఉంటుంది. దాని పిల్ల పురుగు పిలకలోకి చేరి మొవ్వు దగ్గర తింటే, ఆకు రావాల్సిన చోట ఉల్లికాడ లాంటి బోలు గొట్టం వస్తుంది. ఇక ఆ పిలక కంకి వేయదు. దీన్ని తట్టుకునే వరి రకాలు దేశంలో చాలా కాలంగా సాగులో ఉన్నాయి. అయితే హైదరాబాద్ రాజేంద్రనగర్ పొలాల్లో ఉల్లికోడును చక్కగా తట్టుకున్న రకం శ్రీకాకుళంలో అదే పురుగుకు లొంగిపోవచ్చు. జగిత్యాలలో నిలబడిన రకం కటక్‌లో పడిపోవచ్చు. వరి విత్తనం మారలేదు. పురుగుదీ ఒకే జాతి, పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనిపించదు. అయినా శ్రీకాకుళం ఉల్లికోడు వేరు, హైదరాబాద్ ఉల్లికోడు వేరు.

జాతి అనగానే మనసులో ఒక బొమ్మ మెదులుతుంది. పాఠ్యపుస్తకంలోని పులి, గోడ మీద చార్టులోని వరి దుబ్బు. నిజంగా బతికున్నవన్నీ ఆ బొమ్మకు కాస్త అటూ ఇటూగా ఉన్న నకళ్లని, ఆ తేడాలు పట్టించుకోదగ్గవి కావని అనుకుంటాం. 1858లో డార్విన్, వాలెస్‌లు ప్రకృతి వరణం గురించి చెప్పినప్పుడు తలకిందులు చేసింది ఈ ఆలోచననే. వాళ్ల లెక్కలో అసలు సరుకు తేడాలే. ఒక జాతిలో ఏ రెండు జీవులూ అచ్చంగా ఒక్కలా ఉండవు. ఆ తేడాల్లో కొన్ని తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి. పుట్టినవన్నీ పిల్లల్ని కనేదాకా బతకవు. ఈ మూడూ ఉన్నచోట, బతకడానికి పనికొచ్చిన తేడా తరతరానికీ పెరుగుతూ పోతుంది. దానికి ఎవరి ఉద్దేశమూ అక్కర్లేదు.

పనికొచ్చింది అంటే ఎక్కడ పనికొచ్చింది అని అడగాలి. వాగు ఎగువన మేలు చేసిన లక్షణం దిగువన ప్రాణం తీయవచ్చు. ఒక జాతి విస్తరించిన ప్రాంతమంతటా ఒకే నేల, ఒకే నీరు, ఒకే శత్రువులు ఉండవు. కాబట్టి అదే జాతి ఒక్కో చోట ఒక్కో రకంగా వడపోతకు గురవుతుంది. జాతి లోపల కనిపించే తేడాల్లో చాలా వాటి వెనుక ఇలాంటి స్థానిక వడపోత ఉంది. అది వేల ఏళ్లు పట్టే వ్యవహారమని చాలామంది అనుకుంటారు గానీ, ఒక మనిషి ఉద్యోగ జీవితంలో ఆసాంతం చూడగలిగినంత వేగంగా కూడా జరుగుతుంది.

అయితే తేడా కనిపించగానే దాన్ని పరిణామం ఖాతాలో రాసేయకూడదు. ఒకే విత్తనం నుంచి వచ్చిన మొక్కలు ఎండలో పొట్టిగా, నీడలో సన్నగా పొడుగ్గా పెరగొచ్చు. అది ఆ మొక్కకు ఉన్న సర్దుకునే గుణం. దాని పిల్లలకు నీడ తగలకపోతే అవి మామూలుగానే పెరుగుతాయి. పుట్టుకతో వచ్చిన తేడా ఏది, పెరిగిన చోటు వల్ల వచ్చిన తేడా ఏది అని విడదీయాలంటే వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన వాటిని ఒకేచోట పెంచి చూడాలి. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ట్యురెసన్ ఈ పని ఓపికగా చేశారు. సముద్రతీరపు ఇసుక దిబ్బల నుంచి, అడవుల నుంచి ఒకే జాతి మొక్కలను తెచ్చి ఒకే తోటలో నాటారు. ఏళ్లు గడిచినా చాలా మొక్కలు తమ సొంత చోటు లక్షణాలను వదల్లేదు. ఇసుక దిబ్బల మొక్క తోటలో కూడా ఇసుక దిబ్బల మొక్కలాగే పెరిగింది. జాతి లోపల ఉండే ఇలాంటి స్థానిక రూపాలకు ఆయన 1922లో ఎకోటైప్ అని పేరు పెట్టారు.

కాలిఫోర్నియాలో క్లాసెన్, కెక్, హీసీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1930, 40 దశకాల్లో ఇంకో అడుగు ముందుకేశారు. సముద్రమట్టానికి దాదాపు 30 మీటర్ల ఎత్తున స్టాన్‌ఫర్డ్‌లో ఒక తోట, సియెర్రా నెవాడా కొండల్లో 1,400 మీటర్ల ఎత్తున మరొకటి, 3,050 మీటర్ల ఎత్తున ఇంకొకటి పెట్టారు. ఒక్కో మొక్కను మూడు ముక్కలు చేసి మూడు తోటల్లోనూ నాటారు. అంటే జన్యువులు అవే, చోటు మాత్రమే మారింది. చోటును బట్టి ఎత్తు, ఆకు సైజు మారాయి, సందేహం లేదు. కానీ మార్పుకు ఒక హద్దు ఉంది. తీరప్రాంతపు మొక్కలు పైతోటలో మంచు కురిసేలోగా విత్తనం కట్టలేకపోయాయి, చాలా వరకు చచ్చిపోయాయి. కొండ మీది మొక్కలను కిందికి తెస్తే, చలి అంతగా లేని స్టాన్‌ఫర్డ్‌లో కూడా పొట్టిగానే ఉండి, శీతాకాలం రాగానే నిద్రావస్థలోకి వెళ్లాయి. పుట్టిన చోటి క్యాలెండర్ వాటి జన్యువుల్లో ఉంది. స్థానిక అనుకూలనం గురించి ఈ రోజు మాట్లాడే ఎవరైనా ఈ మూడు తోటలకు రుణపడి ఉన్నట్టే.

ఇవన్నీ జరిగిపోయిన మార్పు జాడలు. జరుగుతుండగా చూడాలంటే ట్రినిడాడ్ దీవికి వెళ్లాలి. ఇళ్లలో అక్వేరియంలో పెంచుకునే గప్పీ చేపలు ఆ దీవి ఉత్తరాన ఉన్న కొండల వాగుల్లో సహజంగా బతుకుతాయి. వాగుల మీద చిన్నచిన్న జలపాతాలు ఉన్నాయి. పైక్ సిచ్లిడ్ వంటి పెద్ద వేట చేపలు జలపాతం దాటి పైకి ఎక్కలేవు. గప్పీలు మాత్రం కొన్ని చోట్ల పైకి చేరాయి. అక్కడ వాటిని తినేది ఒక చిన్న చేప మాత్రమే, అదీ ఎక్కువగా పిల్ల గప్పీలనే తింటుంది. ఇలా ఒకే వాగులో, ఒకే నీటిలో, జలపాతానికి కింద ఒక లోకం, పైన ఇంకో లోకం. ఇలాంటి వాగులు పక్కపక్కనే అనేకం ఉండటం శాస్త్రవేత్తల అదృష్టం. ఒకే ప్రయోగాన్ని ప్రకృతి పదే పదే చేసిపెట్టినట్టయింది.

కింద ఉండే మగ గప్పీలు వెలిసిపోయినట్టుంటాయి. పైన ఉండే మగవాటికి నారింజ, నీలం, నలుపు మచ్చలు పెద్దవి, ఎక్కువ. ఆడ గప్పీలు రంగులున్న మగవాటిని ఇష్టపడతాయి, వేట చేప కూడా రంగులున్న దాన్నే ముందు చూస్తుంది. శత్రువు లేనిచోట ఆడదాని ఇష్టం నెగ్గుతుంది, ఉన్నచోట వేట చేప కన్ను నెగ్గుతుంది. తేడా రంగుతో ఆగలేదు. కింది గప్పీలు చిన్న వయసులోనే, చిన్న సైజులోనే పిల్లల్ని కనడం మొదలుపెడతాయి. ఒక్కో ఈతకు ఎక్కువ పిల్లలు, కానీ చిన్నవి. పైవి ఆలస్యంగా ఎదుగుతాయి, తక్కువ పిల్లల్ని కంటాయి, ఆ పిల్లలు పెద్దవి. రేపు ఉంటామో లేదో తెలియని చోట త్వరగా, ఎక్కువగా కన్న తల్లి వంశమే మిగులుతుంది. శత్రువు తక్కువై జనాభా కిక్కిరిసిన చోట తిండికి పోటీ ఎక్కువ. అక్కడ బలంగా పుట్టిన పిల్ల నెగ్గుకొస్తుంది.

ఈ వివరణ వినడానికి బాగుంది, కానీ వినడానికి బాగున్నంత మాత్రాన నిజమైపోదు. 1976లో జీవశాస్త్రవేత్త జాన్ ఎండ్లర్ దీన్ని పరీక్షకు పెట్టారు. అరిపో నదిలో వేట చేపలున్న చోటి నుంచి సుమారు 200 గప్పీలను పట్టి, అప్పటిదాకా గప్పీలు లేని ఒక పిల్లవాగులో, జలపాతానికి పైన వదిలారు. రెండేళ్లు తిరిగేసరికి అక్కడి మగ గప్పీల మచ్చలు పెద్దవై, రంగులు పెరిగాయి. డేవిడ్ రెజ్నిక్ బృందం ఆ వాగును గమనిస్తూనే ఉంది. 11 ఏళ్లకు, అంటే గప్పీల 30 నుంచి 60 తరాలకు, ఆ వాగు చేపలు ఆలస్యంగా ఎదగడం, తక్కువ సంఖ్యలో పెద్ద పిల్లల్ని కనడం మొదలైంది. వాటిని ల్యాబ్‌లో ఒకే నీటిలో, ఒకే తిండితో రెండు తరాలు పెంచారు, అప్పుడూ తేడా పోలేదు. అంటే మార్పు జన్యువుల్లోకి ఎక్కింది. 1990లో వచ్చిన ఈ ఫలితం తర్వాత, పరిణామం కళ్లముందు జరగదు అనే మాటకు నిలవడానికి చోటు లేకుండా పోయింది.

ఈ మార్పుల వేగాన్ని శిలాజాల్లో కనిపించే వేగంతో పోలిస్తే గప్పీలు పదివేల రెట్ల నుంచి కోటి రెట్ల దాకా వేగంగా మారినట్టు తేలింది. మరి ఇంత వేగం ఉన్నప్పుడు శిలాజాలు ఎందుకు అంత నెమ్మదిగా కనిపిస్తాయి? వడపోత దిశ మారుతూ ఉండటమే దీనికి ఒక పెద్ద కారణం. గలపాగోస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ మీద పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఫించ్ పిట్టల ముక్కులు కొలుస్తూ వచ్చారు. 1977 కరవులో చిన్న గింజలు అయిపోయి, గట్టి గింజలు పగలగొట్టగల పెద్ద ముక్కు పిట్టలు ఎక్కువగా మిగిలాయి. 1983లో ఎల్ నినో వానలు కుండపోతగా కురిసి చిన్న గింజలు విస్తారంగా పండాక, వడపోత చిన్న ముక్కు వైపు తిరిగింది. ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు పడితే, లక్షల ఏళ్ల సగటులో కదలికే లేనట్టు కనిపిస్తుంది.

గప్పీల కథలో అంతగా ప్రచారం పొందని భాగం ఇంకొకటి ఉంది. చోటు చేపను మారుస్తుంది సరే, మారిన చేప తిరిగి చోటును మారుస్తుందా? కృత్రిమ కాలువలు కట్టి, కొన్నింటిలో జలపాతం కింది గప్పీలను, కొన్నింటిలో పైవాటిని వదిలి చూశారు. ఈ ఫలితాలు 2010లో ప్రచురించారు. కిందివి నీటి పురుగులను ఎక్కువగా తిన్నాయి. పైవి నాచు, కుళ్లిన ఆకుల పొడి కూడా బాగా తిన్నాయి. కొన్ని వారాల్లోనే రెండు రకాల కాలువల్లో నాచు, పురుగుల లెక్కలు వేరయ్యాయి. జాతి పేరు రాసి పక్కన సంఖ్య వేస్తే ఒక వాగు లెక్క తేలదన్నమాట. ఆ గప్పీ ఏ రకం గప్పీ అన్నది కూడా వాగు ఎలా ఉంటుందో నిర్ణయిస్తుంది.

ఒకే ఇబ్బందికి ఒకే జాతి రెండు ఎదురెదురు జవాబులు కనుక్కున్న ఉదాహరణ కావాలంటే వరి ముంపును చూడాలి. వరి మొక్క పూర్తిగా నీట మునిగితే ఎథిలిన్ వాయువు బయటికి పోలేక మొక్కలోనే పేరుకుంటుంది. మునిగాం అనే కబురు మొక్కకు అందేది దాంతోనే. ఆ కబురు అందాక ఏం చేయాలన్న దగ్గర రకాలు విడిపోతాయి. బంగ్లాదేశ్, అస్సాం, థాయ్‌లాండ్ వంటి చోట్ల నీరు మెల్లగా పెరిగి నెలల తరబడి మీటర్ల లోతున నిలిచే పొలాల్లో లోతునీటి వరి ఉంటుంది. అది నీటితో పందెం వేసినట్టు సాగుతుంది, రోజుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా కూడా. ఆకు కొసలు నీటి పైన ఉంచి ఊపిరి తీసుకుంటుంది. ఈ సాగే గుణానికి కారణమైన జన్యువులను జపాన్ శాస్త్రవేత్తలు 2009లో గుర్తించి, నీటి కింద ఈదేవాళ్లు ఊపిరికి వాడే గొట్టం పేరుతో స్నార్కెల్ అని పిలిచారు.

ఒడిశా వంటి చోట్ల ముంపు వేరే తీరుది. వరద ఒక్కసారిగా వస్తుంది, వారం రెండు వారాలు ఉండి పోతుంది. ఇక్కడ సాగిన మొక్క తన పిండి నిల్వలన్నీ ఖర్చు చేసుకుంటుంది, నీరు తీయగానే నిలబడలేక పడిపోతుంది. ఒడిశా దేశవాళీ వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఏ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. మునగగానే పెరుగుదల ఆపేస్తుంది, నిల్వలు దాచుకుంటుంది, నీరు పోయాక మళ్లీ చిగురిస్తుంది. దాని వెనుక ఉన్న సబ్1ఏ అనే జన్యువును 2006లో గుర్తించారు. గమనించదగ్గ సంగతి ఏమిటంటే స్నార్కెల్, సబ్1ఏ రెండూ ఒకే కుటుంబపు జన్యువులు, ఎథిలిన్‌కు స్పందించేవే. ఒకటి సాగు అంటుంది, ఇంకొకటి ఆగు అంటుంది. మూడు నెలల ముంపులో ఆగిన మొక్క చస్తుంది, పది రోజుల ముంపులో సాగిన మొక్క చస్తుంది. కాబట్టి రెండిట్లో ఏది మేలైన వరి అంటే జవాబు లేదు.

ఇందులో రైతు చేయి కూడా ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. ఏ విత్తనం దాచాలో రైతే నిర్ణయించుకున్నాడు. కానీ వరద తర్వాత పొలంలో మిగిలిన మొక్కల నుంచే కదా దాచగలిగింది. తరాల పాటు వరద ముందు ఏరింది, రైతు తర్వాత ఏరాడు. తెలుగు నేలకు ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానంలో తయారై 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తూర్పు భారతమంతా పాకింది. దిగుబడి బాగున్నా పూర్తి ముంపుకు తట్టుకోలేదు. ఒడిశా దేశవాళీ వరి దాచిన ఆ ఒక్క జన్యువును స్వర్ణలోకి చేర్చగా వచ్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. అది రెండు వారాల దాకా నీట మునిగినా కోలుకుంటుంది, వరద రాని ఏడు మామూలు స్వర్ణకు తీసిపోకుండా పండుతుంది. ఏ మారుమూల పల్లెలోనో వరద ఏరిపెట్టిన తేడా ఇది. దేశవాళీ రకాలు ఒక్కొక్కటిగా సాగులోంచి జారిపోతుంటే బాధ కలిగేది అందుకే. పోయిన రకంతో పాటు ఏ జవాబు పోయిందో తర్వాత కూడా తెలియదు.

ఇక ఉల్లికోడు సంగతి. వరంగల్‌లో తయారైన డబ్ల్యూ 1263 అనే వరి రకానికి ఈశ్వరకోర అనే దేశవాళీ రకం నుంచి తట్టుకునే గుణం వచ్చింది. ఫల్గుణ రకానికి ఆ గుణం సియామ్ 29 అనే ఇంకో రకం నుంచి, అంటే వేరే జన్యువు నుంచి వచ్చింది. వీటిని దేశంలో పలుచోట్ల వేసి చూడగా ఒక చిత్రం తేలింది. హైదరాబాద్ పురుగు రెండింటి మీదా ఓడిపోయింది. కటక్ పురుగు డబ్ల్యూ 1263ను గెలిచింది, ఫల్గుణ మీద ఓడింది. జగిత్యాల పురుగు అందుకు సరిగ్గా తలకిందులు: ఫల్గుణను గెలిచింది, డబ్ల్యూ 1263 మీద ఓడింది. శ్రీకాకుళం, విజయనగరం పురుగు రెండింటినీ గెలిచింది. వీటిని ఒకటి నుంచి నాలుగు దాకా బయోటైప్‌లు అన్నారు. తర్వాత వరంగల్ ప్రాంతంలో నాలుగో దానికి దగ్గరగా ఉండే 4ఎం, కేరళలో ఐదోది, మణిపూర్‌లో ఆరోది గుర్తించారు. ఒక్క జాతిలో దేశంలోనే ఏడు రూపాలు. ఈ పురుగు రెక్కలొచ్చాక బతికేది కొద్ది రోజులే, ఎగిరే శక్తీ అంతంతే. అందుకే ఒక జిల్లా రూపం ఇంకో జిల్లాలో సులువుగా కలిసిపోదు.

శ్రీకాకుళం వైపు ఆ నాలుగో రూపం బయటపడింది 1980ల నడుమ, ఫల్గుణ విరివిగా సాగయ్యాకే. ఇలాంటప్పుడు పురుగు ఆ రకానికి అలవాటు పడింది అంటారు. మందులు పనిచేయనప్పుడు కూడా ఇదే మాట వినిపిస్తుంది. ఈ మాట వల్ల చాలా నష్టం జరుగుతోంది. ఏ ఒక్క పురుగూ అలవాటు పడలేదు. ఫల్గుణను తినలేని పురుగులు తినలేకే చచ్చాయి. లక్షల పురుగుల్లో ఎక్కడో ఒకటి రెండు, ఆ వరి రావడానికి ముందే పుట్టుకతో తేడాగా ఉన్నవి, బతికాయి. పొలాలన్నీ ఫల్గుణే అయినప్పుడు తర్వాతి తరం మొత్తం వాటి సంతానమే. అలవాటు అనుకుంటే మోతాదు పెంచాలనో, ఇంకా ఘాటైన మందు కొట్టాలనో అనిపిస్తుంది. వడపోత అని అర్థమైతే, ఒకే జన్యువును ఊరంతా వేయకూడదని, వేర్వేరు జన్యువులను కలిపి లేదా మార్చి మార్చి వాడాలని, ముందుగా ఆ ప్రాంతంలో ఏ బయోటైప్ ఉందో చూడాలని తోస్తుంది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ సమన్వయంతో దేశంలో చాలాచోట్ల వరి రకాలను ఉల్లికోడు మీద పరీక్షించేది ఇందుకే.

పత్తిలో ఇదే కథ ఇంకా ఖరీదైన పద్ధతిలో జరిగింది. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునేలా జన్యువు చేర్చిన బీటీ పత్తికి దేశంలో 2002లో అనుమతి వచ్చింది, రెండు బీటీ విషాలున్న రకానికి 2006లో. మొదటి విషాన్ని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని గుజరాత్‌లో 2010లో నిర్ధారించారు. 2014-15 నాటికి రెండో దాన్నీ తట్టుకుంది. ఆ తర్వాతి ఏళ్లలో మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులు కాయ చీల్చి చూస్తే లోపల పురుగు ఉండే పరిస్థితి వచ్చింది. అదే పొలాల్లో, అదే విషం మధ్య బతికే శనగపచ్చ పురుగు మాత్రం అంత త్వరగా గట్టిపడలేదు. ఎందుకు?

శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా, మొక్కజొన్న, ఏది దొరికితే అది తింటుంది. పత్తి చేనులో విషాన్ని తట్టుకుని బతికిన ఒకటి రెండు పురుగులు రెక్కలొచ్చి ఎగిరేసరికి, పక్క కంది చేనులో విషం ముఖమే చూడని వేల పురుగులు వాటికి జోడీగా దొరుకుతాయి. తట్టుకునే గుణం చాలావరకు అంతర్గతం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేసేది. ఒకవైపు నుంచి మాత్రమే వచ్చిన పిల్లలు బీటీ పత్తి తిని చస్తాయి. గులాబీ రంగు పురుగుకు మన దగ్గర దాదాపు పత్తే తిండి. బీటీ పత్తి తప్ప ఇంకేమీ లేని చోట, బతికినవి బతికిన వాటితోనే జతకడతాయి. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం ఇచ్చి, చుట్టూ వేయమన్నారు. ఆ వరసలు విషం తగలని పురుగులకు ఆశ్రయం. చేతికొచ్చే పంటలో పురుగును కావాలని పెంచమంటే, కారణం విడమరిచి చెప్పకుండా ఏ రైతు ఒప్పుకుంటాడు? చాలాచోట్ల ఆ చిన్న ప్యాకెట్ చేనులోకి వెళ్లలేదు. పైగా పంటను ఫిబ్రవరి, మార్చి దాకా సాగదీయడంతో పురుగుకు అదనపు తరాలు దొరికాయి. అమెరికాలో ఆరిజోనా రైతులు మొదటి పదేళ్లు ఈ ఆశ్రయ వరసలు వేశారు. అక్కడ పురుగు విషానికి లొంగుతూనే ఉంది. 2006 నుంచి పిల్లల్ని కనలేని గొడ్డు పురుగులను విమానాల నుంచి వదలడం కూడా తోడై, 2018లో అమెరికా పత్తి ప్రాంతాల్లో గులాబీ రంగు పురుగు లేనట్టు ప్రకటించారు. తినే పంట, ఎగిరే దూరం, జతకట్టే అవకాశం లాంటి పర్యావరణ సంగతులు పరిణామం వేగాన్ని ఎలా నిర్ణయిస్తాయో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణలు తక్కువ.

ఇన్ని ఉదాహరణలు విన్నాక ప్రతి తేడాకూ ఒక ప్రయోజనం వెతకాలనిపిస్తుంది. అది కూడా పొరపాటే. ఒడిశా మయూర్‌భంజ్ జిల్లాలోని సిమిలిపాల్ అడవిలో కొన్ని పులుల నల్ల చారలు వెడల్పై, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఒళ్లు దాదాపు నల్లగా కనిపిస్తుంది. సహజంగా అడవిలో ఇలాంటి పులులు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. దట్టమైన చీకటి అడవిలో దాక్కోవడానికి ప్రకృతి ఇచ్చిన వరం అని చెప్పేయడం తేలిక. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఉమా రామకృష్ణన్ బృందం 2021లో ఈ నలుపు వెనుక ట్యాక్‌పెప్ అనే జన్యువులో ఒక్క చిన్న మార్పు ఉందని చూపింది. పెంపుడు పిల్లుల్లో చుట్లు తిరిగిన వెడల్పాటి మచ్చలకు, రాజ చీతా అనే అరుదైన చీతా రూపంలో చారలకు కారణమైన జన్యువూ ఇదే. దేశంలోని ఇతర అడవుల పులుల్లో వెతికితే ఆ మార్పు దొరకలేదు. సిమిలిపాల్ పులుల్లో మాత్రం మూడో వంతుకు పైగా నల్లవే.

ఆ బృందం చెప్పిన ప్రధాన కారణం ప్రకృతి వరణం కాదు, జెనెటిక్ డ్రిఫ్ట్. సిమిలిపాల్ పులులు కొద్ది సంఖ్యకు పడిపోయి, ఇతర అడవులతో రాకపోకలు తెగిపోయి, తమలో తామే జతకట్టాయి. జనాభా అంత చిన్నదైతే, ఏ జన్యువు పెరుగుతుంది, ఏది మాయమవుతుంది అన్నది చాలావరకు కాకతాళీయం. మేలు చేయని మార్పు కూడా మూడో వంతు పులుల్లో కనిపించేంత పెరగొచ్చు. నలుపు కొంత మేలు చేస్తుండే అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ సిమిలిపాల్ విషయంలో ముందు పట్టించుకోవాల్సింది వేరే అడవులతో సంబంధం తెగిన సంగతిని. జాతి లోపలి తేడా ఒకచోట ఆరోగ్యానికి గుర్తు, ఇంకోచోట జబ్బుకు గుర్తు. ఏది ఏదో తెలియాలంటే జన్యువులూ చూడాలి, అడవి చరిత్రా చూడాలి.

ఇక్కడే అసలు ఇరకాటం వస్తుంది. బయటి పులులను తెస్తే మూసుకుపోయిన రక్తసంబంధాలు తెరుచుకుంటాయి. మరీ దూరపు, మరీ భిన్నమైన చోటి నుంచి తెస్తే స్థానికంగా అబ్బిన అనుకూలనం చెదరవచ్చు, కాలిఫోర్నియా తోటల్లో తీరపు మొక్కలకు పట్టిన గతే పట్టవచ్చు. అందుకే అధికారులు మధ్య భారతం వైపే చూశారు. 2024 అక్టోబర్‌లో మహారాష్ట్ర తాడోబా నుంచి జమున అనే ఆడపులిని, నవంబర్‌లో జీనత్ అనే ఇంకో ఆడపులిని సిమిలిపాల్‌కు తెచ్చారు. జీనత్ అడవి దాటి జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్ దాకా వెళ్లింది. డిసెంబర్ చివర బాంకురా జిల్లాలో మత్తు ఇచ్చి పట్టుకుని వెనక్కి తేవాల్సి వచ్చింది. తాడోబా పులుల్లో నలుపు జన్యువు లేదు. వీటికి సిమిలిపాల్ నల్ల మగపులి వల్ల పిల్లలు పుడితే ఆ పిల్లలన్నీ మామూలు చారలతోనే ఉంటాయి, ఒక్కోదానిలో నలుపు జన్యువు ఒక ప్రతి మాత్రం దాగి ఉంటుంది. అలాంటి రెండు పులులు తర్వాత జతకడితే, సగటున నాలుగు పిల్లల్లో ఒకటి మళ్లీ నల్లగా పుడుతుంది.